ఆరు నిమిషాలు వెనకబడ్డ గడియారాలు, ఆరు దేశాల క్యూ

ఈ వారం ఎపిసోడ్‌లో టైము చాలక కొన్ని విషయాలు పైపైన చెప్పి వదిలేశాను. ట్రాన్స్‌క్రిప్టు చదివితే మీకే తెలుస్తుంది, రెండు మూడు చోట్ల "అది మళ్ళీ చెప్తాను" అని దాటేశాను. ఆ బాకీ ఇక్కడ తీరుస్తున్నాను. ఎపిసోడ్ వినకపోయినా ఫరవాలేదు, ఇది విడిగా చదువుకోవచ్చు.

గడియారం కథతోనే మొదలుపెడతాను. 2018 మార్చి మొదట్లో జర్మనీలో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, మా ఇంట్లో ఓవెన్ గడియారం నెమ్మదిగా నడుస్తోంది, పిల్లాడి స్కూలుకి రెండుసార్లు లేటయ్యాం, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలా?" అంది. పిలవద్దని చెప్పేంత తెలివి అప్పుడు నాకూ లేదు. రెండు రోజులకి వార్త వచ్చింది. స్పెయిన్ నుంచి టర్కీ దాకా, 25 దేశాల్లో కరెంటు మీద నడిచే గడియారాలు దాదాపు ఆరు నిమిషాలు వెనకబడ్డాయట. కారణం సెర్బియా, కొసోవోల మధ్య గొడవ.

ఎలాగంటే, ఓవెన్లలో, మంచం పక్కన పెట్టుకునే పాత అలారాల్లో ఉండే గడియారాలు సొంతంగా టైము లెక్కపెట్టవు. గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కదా, ఆ ఊపుల్ని లెక్కపెడతాయి. యూరప్ ఖండంలో గ్రిడ్డంతా ఒకటే. ఎక్కడైనా వాడకానికి తగ్గ ఉత్పత్తి లేకపోతే ఆ లోటు గ్రిడ్ మొత్తం మీద పడి ఊపు తగ్గుతుంది. ఆ జనవరి మధ్య నుంచి సగటున 50 హెర్ట్జ్‌కి బదులు 49.996 ఉంది. అంకె చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ వారాల తరబడి పోగయ్యేసరికి ఆరు నిమిషాలైంది. లోటు పడిన కరెంటు 113 గిగావాట్ అవర్లు.

కొసోవోలో ఉత్పత్తి కన్నా వాడకం ఎక్కువైంది. ఉత్తరాన సెర్బులు ఎక్కువగా ఉండే నాలుగు మున్సిపాలిటీల్లో 1999 యుద్ధం తర్వాత కరెంటు బిల్లులు కట్టడం లేదు. ఆ ఖర్చు మేమెందుకు భరించాలని కొసోవో అంది. గ్రిడ్ రూల్సు ప్రకారం ఆ ప్రాంతాన్ని సరిచూసే బాధ్యత అప్పట్లో సెర్బియా ఆపరేటర్‌ది. వాళ్ళు పూడ్చలేదు. మధ్యలో మా మేనల్లుడికి స్కూలు లేటు. మన బ్రిటన్ గ్రిడ్ వేరు కాబట్టి ఇక్కడ గడియారాలు బాగానే నడిచాయి.

నాకీ కథ ఎందుకిష్టమంటే, ఈయూలో చేరాలని నిలబడిన చిన్న దేశాలు పక్కింటివాళ్ళతో సర్దుకోకపోతే ఈయూకేం నష్టం అని అడిగేవాళ్ళకి ఇదే జవాబు. ఆ గ్రిడ్‌లో వాళ్ళు ఇప్పటికే ఉన్నారు. యూనియన్‌లో మాత్రం లేరు.

సరే, ఎవరీ ఆరుగురు? అల్బేనియా, బోస్నియా-హెర్జెగోవినా, కొసోవో, మాంటెనీగ్రో, ఉత్తర మాసిడోనియా, సెర్బియా. బ్రసెల్స్ భాషలో "పశ్చిమ బాల్కన్లు". మ్యాపులో చూస్తే చుట్టూ ఈయూ దేశాలే, మధ్యలో వీళ్ళు. ఆరింటి జనాభా కలిపితే సుమారు 1.7 కోట్లు, అంటే తెలంగాణ జనాభాలో సగం. అల్బేనియా తప్ప మిగతావన్నీ 1991 దాకా యుగోస్లావియా అనే ఒకే దేశం. అది విడిపోయినప్పుడు జరిగిన యుద్ధాలు మీకు గుర్తుండే ఉంటాయి. బోస్నియాలో 1992 నుంచి 1995 దాకా. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో 8,000 మందికి పైగా బోస్నియాక్ మగవాళ్ళని, మగపిల్లల్ని చంపేశారు. తర్వాత కొసోవో, 1999లో 78 రోజుల నాటో బాంబు దాడులు. 2008 ఫిబ్రవరి 17న కొసోవో స్వతంత్రం ప్రకటించుకుంది. సెర్బియా ఒప్పుకోలేదు. ఈయూలోనే ఐదు దేశాలు, స్పెయిన్, గ్రీస్, రొమేనియా, స్లొవాకియా, సైప్రస్, గుర్తించలేదు. ఇండియా కూడా గుర్తించలేదు.

విడిపోవడం అనగానే మనవాళ్ళు ఆంధ్ర, తెలంగాణతో పోలుస్తారు. ఎపిసోడ్ రికార్డు చేసేటప్పుడు నాకూ ఆ మాట నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. మనకి ఆస్తుల పంపకం, నీళ్ళ పంపకం తగాదాలున్నాయి, నిజమే. కానీ విజయవాడ వాళ్ళు హైదరాబాద్‌లో పెళ్ళికి వెళ్ళడానికి ఎవరినీ అడగక్కర్లేదు. పైన తీర్పు చెప్పడానికి ఒక కేంద్రం, ఒక సుప్రీంకోర్టు ఉన్నాయి. అక్కడ అలా పైన ఎవరూ లేరు. పైన ఒకళ్ళుంటే బాగుండునన్న ఆశే ఈయూ.

2003 జూన్‌లో గ్రీస్‌లోని థెస్సలొనీకిలో ఈయూ నాయకులు వీళ్ళకి మాటిచ్చారు: మీ భవిష్యత్తు మాతోనే అని. ఇరవై ఏళ్ళు దాటింది. ఈ మధ్యలో లోపలికి వెళ్ళింది క్రొయేషియా ఒక్కటే, 2013 జులై 1న. మాటతో పాటు ఒక షరతు కూడా పెట్టారు. చట్టాలు, కోర్టులు బాగుచేసుకోవడం ఎలాగూ ఉంది, దాంతో పాటు మీ పక్క దేశాలతో సహకారం కూడా చూపించండి అని. అంతకుముందు చేరినవాళ్ళకి ఈ షరతు ఇంత గట్టిగా లేదు.

ఇది న్యాయమేనా? నా ఉద్దేశంలో న్యాయమే, ఎందుకంటే ఈయూ ఒకసారి చేయి కాల్చుకుంది. 2004లో సైప్రస్ రెండు ముక్కలుగా ఉండగానే చేర్చుకున్నారు. చేరడానికి వారం రోజుల ముందు కలిసిపోదామా అని రెండు వైపులా ఓటింగ్ పెడితే, ఉత్తరాన టర్కిష్ సైప్రియట్లు అవునన్నారు, దక్షిణాన గ్రీకు సైప్రియట్లు వద్దన్నారు. అయినా సైప్రస్ లోపలికి వచ్చింది, ఆ తగాదా కూడా దాంతో పాటే వచ్చింది. ఈయూలో కొత్తవాళ్ళని తీసుకోవాలంటే ఉన్నవాళ్ళందరూ ఒప్పుకోవాలి, ఒక్కళ్ళు తల అడ్డంగా ఊపినా ఆగిపోతుంది. ముందు చేరినవాళ్ళ చేతికి తాళం చెవి వచ్చేస్తుంది. స్లొవేనియా 2004లో చేరిపోయి, సముద్రంలో పిరాన్ అఖాతం ఎవరిదనే తగువు మీద 2008 చివర్లో క్రొయేషియా చర్చల్ని అడ్డుకుంది. దాదాపు పది నెలలు ఆగాయి. రేపు సెర్బియా ముందు చేరితే కొసోవో గతేంటో ఊహించుకోండి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. పక్కపక్కనున్న దేశాలు చేతులు కలిపి యూనియన్‌లోకి వెళ్ళొచ్చని మొదట చూపించింది పోలండ్, హంగరీ, చెకోస్లొవాకియా. 1991 ఫిబ్రవరి 15న హంగరీలోని విషెగ్రాద్ అనే ఊళ్ళో కలిశారు. 1992 డిసెంబరులో క్రాకోలో సెఫ్టా అనే వ్యాపార ఒప్పందం రాసుకున్నారు. మన మధ్య సుంకాలు తగ్గించుకుందాం, ఈయూ పద్ధతులు ఇక్కడే అలవాటు చేసుకుందాం అని. వాళ్ళకీ గొడవలున్నాయి. పది రోజులకే చెకోస్లొవాకియా రెండయింది. డాన్యూబ్ మీద ఆనకట్ట విషయంలో హంగరీ, స్లొవాకియా హేగ్ కోర్టుకెక్కాయి. చెక్ నాయకుడు వాత్స్లావ్ క్లౌస్‌కి ఈ గుంపు వ్యవహారమే నచ్చేది కాదు, మేం ఒంటరిగా ముందు వెళ్ళిపోతాం అనే ధోరణి. చివరికి నాలుగూ ఒకే రోజు, 2004 మే 1న, లోపలికి వెళ్ళాయి.

సెఫ్టాలో ఒక తమాషా ఉంది. ఈయూలో చేరిన రోజే సెఫ్టా నుంచి తప్పుకోవాలి. పోలండ్ వాళ్ళు వెళ్ళిపోయారు, తర్వాత రొమేనియా, బల్గేరియా వెళ్ళిపోయాయి. అన్నయ్యకి పొట్టయిపోయిన చొక్కా తమ్ముడికి వచ్చినట్టు ఆ ఒప్పందం బాల్కన్లకి వచ్చింది. 2006 డిసెంబరులో బుకారెస్ట్‌లో కొత్తగా కుట్టి తొడిగారు. ఇప్పుడు అందులో మన ఆరుగురితో పాటు మోల్డోవా ఉంది.

మరి కొసోవో అందులో ఎలా ఉంది, సెర్బియా దాన్ని దేశంగానే ఒప్పుకోదు కదా? 2006లో కొసోవో తరఫున ఐక్యరాజ్యసమితి మిషన్ సంతకం పెట్టింది. స్వతంత్రం తర్వాత మీటింగుల్లో బల్ల మీద ఏ పేరు పెట్టాలనే దగ్గరే ఆగిపోయేవి. 2012 ఫిబ్రవరిలో బ్రసెల్స్‌లో కూర్చోబెట్టి ఒక పరిష్కారం తీశారు: పేరు పక్కన నక్షత్రం గుర్తు. "కొసోవో*" అని రాసి, కింద చిన్న అక్షరాల్లో, ఈ పేరు వల్ల హోదా విషయంలో ఎవరి వాదనకీ నష్టం లేదు, భద్రతామండలి 1244 తీర్మానానికి, అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయానికి లోబడే ఉంది అని ఒక వాక్యం. ఈ రెండు కాగితాల్లో ఒకటి సెర్బియాకి నచ్చేది, ఇంకోటి కొసోవోకి నచ్చేది. నవ్వొస్తుంది కానీ, ఆ ఒక్క చుక్క లేకపోతే రోడ్ల మీటింగూ లేదు, కరెంటు మీటింగూ లేదు. నేనైతే దాన్ని కనిపెట్టిన గుమాస్తాకి దండం పెడతాను.

అలాంటిదే కారు నంబరు ప్లేట్ల గొడవ. ఇవతలి ప్లేటు అవతలివాళ్ళు ఒప్పుకునేవారు కాదు. 2021 సెప్టెంబరులో సరిహద్దు దగ్గర రోడ్లకి అడ్డం లారీలు పెట్టేదాకా వెళ్ళింది. అప్పుడు ఏం తేల్చారంటే, సరిహద్దు దాటేటప్పుడు ప్లేటు మీద దేశం గుర్తు కనపడకుండా స్టిక్కరు అంటించుకోవాలని. 2024 జనవరి దాకా అటు వెళ్ళేటప్పుడు అంటించుకోవడం, ఇటు వచ్చాక పీకేసుకోవడం.

ఇన్ని గొడవల మధ్య ఏదైనా పని జరిగిందా అంటే, జరిగింది. 2021 జులై 1 నుంచి ఆరు దేశాల మధ్య ఫోన్ రోమింగ్ చార్జీలు లేవు. బెల్‌గ్రేడ్ సిమ్ వేసుకుని ప్రిష్టినాలో ఇంటి రేటుకే మాట్లాడొచ్చు. ఒకరినొకరు గుర్తించుకోని దేశాలు ఒకరి ఫోన్ టవర్లని ఒకరు గుర్తించాయన్నమాట. సరిగ్గా అదే కాలంలో మనం బ్రెగ్జిట్ అయిపోయి, ఇక్కడి ఫోన్ కంపెనీల్లో చాలావి యూరప్ రోమింగ్‌కి మళ్ళీ డబ్బులు తీసుకోవడం మొదలుపెట్టాయి.

ఇంకోటి గ్రీన్ లేన్లు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌కి సరిహద్దులు మూసేసినప్పుడు, తిండి, మందుల లారీలకి మాత్రం వేరే వరస పెట్టి, లారీ రాకముందే కాగితాలు కంప్యూటర్లో అవతలికి పంపే ఏర్పాటు చేశారు. కొద్ది వారాల్లో చేశారు. మామూలు రోజుల్లో ఏళ్ళు పట్టే పని. అది బాగుందని కోవిడ్ అయ్యాక కూడా కొనసాగించి, ఈయూ సరిహద్దుల్లోని కొన్ని గేట్లకి కూడా పెంచారు. లారీ ఆగితే ఏమవుతుందో కెంట్‌లో, డోవర్ దారిలో ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. టమాటాలకి రాజకీయం తెలియదు, కుళ్ళిపోతాయంతే.

యువత కోసం రైకో అని ఒక సంస్థ ఉంది, తిరానాలో. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్స్, జర్మనీ తమ పిల్లల్ని ఒకరి దేశానికి ఒకరు పంపుకోవడానికి పెట్టుకున్న ఆఫీసు చూసి దీన్ని 2016లో పెట్టారు. దాని గురించి ఎపిసోడ్‌లో వివరంగానే మాట్లాడాం.

2022 నవంబరులో బెర్లిన్‌లో ఆరుగురు ప్రధానులు మూడు ఒప్పందాల మీద సంతకం పెట్టారు. పాస్‌పోర్టు లేకుండా గుర్తింపు కార్డుతో తిరగడం ఒకటి, డిగ్రీల్ని పరస్పరం ఒప్పుకోవడం ఒకటి, డాక్టర్లు, డెంటిస్టులు, ఆర్కిటెక్టుల అర్హతల్ని ఒప్పుకోవడం ఒకటి. దీని విలువ తెలియాలంటే అంతకుముందు సంగతి చూడాలి. బోస్నియా, కొసోవోల మధ్య అప్పట్లో వీసా కావాల్సి వచ్చేది. బోస్నియా కొసోవోని గుర్తించలేదు కాబట్టి ప్రిష్టినాలో దాని ఎంబసీ లేదు. కొసోవో పిల్ల సరయేవోలో ఒక పోటీకి వెళ్ళాలంటే వీసా కోసం ఇంకో దేశం వెళ్ళాల్సి వచ్చేది. మన డిగ్రీల్ని ఇక్కడ ఒప్పించుకోవడానికి పడ్డ పాట్లు గుర్తున్నవాళ్ళకి ఆ సంతకాలు చిన్న సంగతి కాదని తెలుస్తుంది. సంతకం పడినంత వేగంగా అమలు పడలేదు, అది వేరే మాట.

ఈ ఒప్పందాలన్నీ జరిగే వేదిక పేరు బెర్లిన్ ప్రాసెస్. 2014 జులైలో ఈయూ కమిషన్ అధ్యక్షుడు కాబోతున్న యుంకర్, రాబోయే ఐదేళ్ళలో కొత్తవాళ్ళని చేర్చుకునేది లేదని చెప్పేశాడు. వీళ్ళు మరీ నిరాశపడి రష్యా వైపో ఇంకో వైపో చూస్తారేమోనని ఆంగెలా మెర్కెల్ ఆ ఆగస్టు 28న బెర్లిన్‌లో అందర్నీ పిలిచింది. అప్పటినుంచి ఏటా ఒక చోట సదస్సు. 2018లో వంతు లండన్‌ది. మనం యూనియన్ నుంచి బయటికి వెళ్ళడానికి సామాను సర్దుకుంటున్నాం, లోపలికి రావాలనుకునేవాళ్ళకి మనమే విందు ఇస్తున్నాం! జులై 9న విదేశాంగ మంత్రులందరూ వచ్చి కూర్చున్నారు. ఆతిథ్యం ఇవ్వాల్సిన బోరిస్ జాన్సన్ రాలేదు. ఆ మధ్యాహ్నమే బ్రెగ్జిట్ పద్ధతి నచ్చక రాజీనామా చేశాడు. యూనియన్‌లో చేరడం మంచిదని నమ్మి వచ్చినవాళ్ళకి ఇంతకన్నా విచిత్రమైన స్వాగతం ఉంటుందా?

ఇక నిలబడనివి. 2018 నవంబరులో కొసోవోని ఇంటర్‌పోల్‌లో చేర్చుకోలేదు. సెర్బియా అడ్డుపడిందని కోపంతో మర్నాడే సెర్బియా, బోస్నియా సరుకుల మీద 100 శాతం సుంకం వేసింది కొసోవో. సెఫ్టా ఒప్పందం అటకెక్కింది. 2020 ఏప్రిల్ దాకా అలాగే ఉంది. 2023 జూన్‌లో సెర్బియా ముగ్గురు కొసోవో పోలీసుల్ని పట్టుకుంటే ఈసారి ఏకంగా సరుకుల్నే ఆపేశారు, 2024లో గానీ సడలించలేదు. మధ్యలో సెర్బియా, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా కలిసి 2019లో "మినీ షెంగెన్" అని మొదలుపెట్టి, 2021లో ఓపెన్ బాల్కన్ అని పేరు మార్చాయి. ఆరుగురిలో ముగ్గురే. కొసోవో, బోస్నియా, మాంటెనీగ్రో రాలేదు. పెద్ద దేశం సెర్బియా కాబట్టి పెత్తనం దానిదే అవుతుందని భయం. 2023కి అల్బేనియా ప్రధాని ఎడీ రామాయే దాని పని అయిపోయిందన్నాడు.

కానీ అసలు అనుమానం సెర్బియా మీద కాదు, బ్రసెల్స్ మీద. "మీలో మీరు కలిసి ఉండండి అంటున్నారంటే, మమ్మల్ని వసారాలోనే కూర్చోబెట్టేస్తారా?" అని. ఇది ఊరికే పుట్టిన అనుమానం కాదు. ఉత్తర మాసిడోనియా సంగతి చూడండి. 2005లోనే అభ్యర్థి దేశం. పేరు విషయంలో గ్రీస్ అడ్డం. 2018 జూన్ 17న ప్రెస్పా సరస్సు ఒడ్డున ఒప్పందం చేసుకుని, సొంత దేశం పేరే మార్చుకున్నారు. పొరుగువాడి కోసం దేశం పేరు మార్చుకోవడం కన్నా ఇంకేం సహకారం కావాలి? 2019 అక్టోబరులో ఫ్రాన్స్ వద్దంది. 2020లో బల్గేరియా, మీ భాష మా భాషే, మీ చరిత్ర మా చరిత్రే అని అడ్డంపడింది. 2022 జులైలో చర్చలు మొదలయ్యాయని ఫోటోలు దిగారు కానీ, రాజ్యాంగంలో బల్గేరియన్ల పేరు చేర్చేదాకా ముందుకి కదలదు. అంతదాకా జంటగా నడిచిన అల్బేనియాని 2024లో విడదీసి ముందు పంపించారు. చెప్పినమాట విన్నవాడికే ఇలా జరిగితే, మిగతావాళ్ళు ఏం పాఠం నేర్చుకుంటారు? షరతు న్యాయమే అని పైన అన్నాను, ఇప్పటికీ అంటాను. షరతు తీర్చినవాడికి తలుపు తీయాలి కదా, ఆ సగం లేదు.

డబ్బు లెక్క కూడా ఉంది. ఈ ఆరుగురి వ్యాపారంలో మూడింట రెండొంతులు దాకా ఈయూతోనే. పక్కింటివాడు కూడా మనలాగే బీదవాడైతే వాడికి ఎంతని అమ్ముతాం? చదువుకున్న కుర్రాళ్ళు, నర్సులు జర్మనీ బస్సెక్కుతున్నారు. ఇది గమనించే 2023 నవంబరులో ఈయూ 600 కోట్ల యూరోల గ్రోత్ ప్లాన్ ప్రకటించింది, 200 కోట్లు గ్రాంటు, 400 కోట్లు అప్పు. సభ్యత్వం రాకముందే మా మార్కెట్లో కొన్ని గదులు తెరుస్తాం, అయితే అవే గదులు మీరు ఒకరికొకరు కూడా తెరవాలి అని మెలిక. నాకిది తెలివైన మెలికే అనిపించింది, సహకారానికి మొదటిసారి చేతిలో పెట్టే ప్రతిఫలం కనపడుతోంది. ఫలితం కనిపిస్తోంది కూడా. యూరో చెల్లింపుల వ్యవస్థ సెపాలోకి 2024లో అల్బేనియా, మాంటెనీగ్రో, 2025లో ఉత్తర మాసిడోనియా, సెర్బియా వచ్చాయి. జర్మనీలో ఉన్న కొడుకు తిరానాలో తల్లికి పంపే డబ్బులో బ్యాంకు కోత తగ్గుతుంది. ఈ లాభం ఏమిటో మనకి వేరే చెప్పాలా!

క్యూలో ఇప్పుడు ముందున్నది మాంటెనీగ్రో. 2012 నుంచి చర్చలు, 2028 కల్లా చేరాలని లక్ష్యం పెట్టుకున్నారు. అది వెళ్ళిన రోజున సెఫ్టా నుంచి తప్పుకుంటుంది, చొక్కా మిగిలినవాళ్ళకి ఇంకాస్త వదులవుతుంది.

గడియారాలు ఏమయ్యాయో చెప్పలేదు కదా. లోటు పూడ్చి, ఏప్రిల్ మొదటికల్లా సరిచేశారు. కొసోవో, అల్బేనియాల మధ్య జర్మనీ డబ్బుతో వేసి, 2016 నుంచి ఖాళీగా పడి ఉన్న 400 కిలోవోల్ట్ లైను ఉంది. సెర్బియా అభ్యంతరాలతో దాన్ని వాడనివ్వలేదు. 2020 డిసెంబరులో కొసోవో తన గ్రిడ్‌ని సెర్బియా నుంచి విడదీసి అల్బేనియాతో జత చేసుకున్నాక ఆ లైనుకి పని దొరికింది.

చివరగా, వేసవిలో అటు వెళ్తున్నామని రాసినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళకోసం. స్కోప్యే నుంచి ప్రిష్టినా 90 కిలోమీటర్లే, సరదాగా వెళ్ళి రావచ్చు. కానీ అలా కొసోవోలోకి దిగి, అక్కడినుంచి నేరుగా సెర్బియాలోకి వెళ్దామంటే సరిహద్దులో తిప్పి పంపేస్తారు. సెర్బియా లెక్కలో కొసోవో తన భూమే, మీరు తన అనుమతి లేకుండా లోపలికి వచ్చినట్టు. ముందు సెర్బియా చూసుకుని తర్వాత కొసోవో వెళ్ళండి, లేదా మళ్ళీ స్కోప్యే మీదుగా తిరిగి రండి. ఇండియన్ పాస్‌పోర్టుకి సెర్బియా 2023 జనవరి 1 నుంచి వీసా లేని ప్రవేశం తీసేసింది, పాత బ్లాగులు చూసి టికెట్లు కొనకండి. వచ్చేటప్పుడు ఐవర్ సీసా ఒకటి తెచ్చుకోండి. ఎర్ర కాప్సికం నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, నూనెలో మగ్గించిన పచ్చడి. ఉప్పూ కారం మనకి చాలదు, కాస్త తాలింపు పెడితే దోసెలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. ఎవరి దేశంలో కొంటే వాళ్ళదే అసలుదని చెప్తారు. తల ఊపి కొనేయండి.